షేర్డ్ డ్రైవ్‌లో పాడైపోయిన తెలుగు పేర్లు: బాగు చేసిన నా అనుభవం

మాది విజయవాడలో ఒక చిన్న ప్రచురణ సంస్థ. రాతప్రతులు, ప్రూఫులు, కవర్ డిజైన్లు, పాత ఫొటోల స్కాన్లు, రాయల్టీ లెక్కలు, అన్నీ ఒకే షేర్డ్ డ్రైవ్‌లో ఉంటాయి. ఫోల్డర్ల పేర్లు చాలావరకు తెలుగులోనే. పాత నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) డిస్కులు ఈరోజో రేపో అన్నట్టుంటే ఒక లినక్స్ సర్వర్ తీసుకుని, దాని మీద విండోస్ మెషీన్లకు ఫైళ్లు పంచే సాంబా ప్రోగ్రామ్ పెట్టి, డేటా అంతా అందులోకి మార్చాం. మార్చే పని నాదే, మార్చాక తిట్లు తినే పనీ నాదే.

నిజానికి సగం పేర్లు పాత పెట్టెలోనే పాడై ఉన్నాయి. ఫలానా పిచ్చి పేరు కింద ఫలానా పుస్తకం ఉందని గుర్తుపెట్టుకుని ఎవరికి వాళ్లు నెట్టుకొస్తున్నారు. కొత్త సర్వర్ వచ్చేసరికి ఆ పాపమంతా దాని నెత్తిన పడింది. డీటీపీ చూసే అన్న "తమ్ముడూ, ఫాంట్ ఎగిరిపోయింది, మళ్లీ ఎక్కించు" అన్నాడు. డీటీపీ వాళ్లకు తెలుగులో ఏ తేడా వచ్చినా అది ఫాంటే. అకౌంట్స్ మేడమ్ "నా బిల్లుల ఫోల్డర్ల పేర్లన్నీ పొట్టిగా అయిపోయాయండీ, చివర్లో ఏదో వంకర గీత" అన్నారు. ఎడిటర్ గారైతే "ఏమయ్యా, నా రాతప్రతులు ఫ్రెంచిలోకి ఎప్పుడు తర్జుమా చేయించావు?" అని నవ్వారు. ఆ నవ్వుకే నాకు ఎక్కువ టెన్షన్ వచ్చింది.

ముగ్గురూ చెప్పింది మూడు వేర్వేరు సమస్యల గురించి. నాలుగోది స్కానింగ్ సిస్టమ్‌లో ఉంది: అక్కడ తెలుగు పేర్లన్నీ డబ్బాలు, ఒక్కో డబ్బాలో 0సీ24 లాంటి చిన్న అంకెలు. ఇదొక్కటే నిజంగా ఫాంట్ గొడవ. పేరు శుభ్రంగానే ఉంది, చూపించడానికి ఆ లినక్స్ మెషీన్‌లో తెలుగు ఫాంట్ లేదు. లోహిత్ తెలుగు వేస్తే డబ్బాలు పోయాయి. డబ్బాలు కనిపిస్తే ఎవరూ పేర్లు మార్చే జోలికి వెళ్లకూడదు. బాగున్న పేరును చేతులారా పాడుచేసుకున్నట్టవుతుంది.

ప్రశ్నార్థకాలు కూడా దాదాపు అలాంటివే. మా బ్యాకప్ మెషీన్ ఆ డ్రైవ్‌ను సీఐఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో మౌంట్ చేసుకుంటుంది, అంటే తన సొంత ఫోల్డర్‌లా తగిలించుకుంటుంది. దాని రిపోర్టు నిండా "????? ????" అని వరసలు. లిస్టులో పేరు ఉంటుంది, తెరవబోతే అలాంటి ఫైలే లేదంటుంది. అంటే ఇన్నాళ్లూ ఆ ఫైళ్లకు బ్యాకప్పే లేదన్నమాట. మౌంట్ చేసేటప్పుడు ఐఓచార్‌సెట్ విలువ యూటీఎఫ్8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) అని ఇవ్వకపోతే, ఆ మెషీన్ కెర్నెల్ డిఫాల్ట్‌గా ఏ అక్షరాల పట్టిక పెట్టుకుందో దాంట్లోకి మార్చబోతుంది. అందులో తెలుగు లేకపోతే ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. ఆ ఆప్షన్ చేర్చి మళ్లీ మౌంట్ చేస్తే 79వ నంబర్ ఎర్రర్ వచ్చింది, ఏదో లైబ్రరీ దొరకలేదంటూ. ఆ మాట నమ్మి లైబ్రరీలు వెతుక్కుంటూ పోతే దారి తప్పుతాం. అసలు లేనిది యూటీఎఫ్-8కి సంబంధించిన కెర్నెల్ మాడ్యూల్. ఉబుంటులో తేలికపాటి కెర్నెల్ వేసుకుంటే అది రాదు, అదనపు మాడ్యూళ్ల ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి. పెట్టాక డిస్కు మీద ఒక్క పేరు కూడా మార్చకుండానే రిపోర్టు తెలుగులోకి వచ్చింది.

మిగిలినవి డిస్కు మీదే పాడైనవి. అసలు పని అక్కడుంది. స్క్రీన్ మీద ఎలా కనిపిస్తోందన్నది పక్కన పెట్టి, డిస్కు మీద ఏ బైట్లు ఉన్నాయో చూడటం మొదలుపెట్టాను. ఎల్‌ఎస్ కమాండ్ ఇచ్చిన ఫైళ్ల లిస్టును, బైట్లు చూపించే హెక్స్‌డంప్‌కి పంపితే చాలు, పెద్ద విద్యేమీ కాదు.

అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు చోటుంది (9 తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు పోయే హెక్స్ అంకెలివి, కింద బైట్లు కూడా ఇలాగే రాశాను). యూటీఎఫ్-8లో రాస్తే ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఈ0. రెండోది బీ0 గానీ బీ1 గానీ అవుతుంది. తేడా అంతా మూడో బైటులోనే. "త" అంటే ఈ0 బీ0 ఏ4. ఇప్పుడు ఈ బైట్లను ఎవరో పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన విండోస్-1252 పట్టిక పట్టుకుని చదివారనుకోండి. ఈ0 కాస్తా నెత్తి మీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ అవుతుంది, బీ0 డిగ్రీ గుర్తు ° అవుతుంది, బీ1 అయితే ±. ఎడిటర్ గారి ఫ్రెంచి ఇదే. అవే బైట్లను డాస్ కాలపు సీపీ437 పట్టికతో చదివితే ఈ0 గ్రీకు ఆల్ఫాగా, బీ0 ░ గా, బీ1 ▒ గా వస్తాయి. డీటీపీ అన్న ఫోల్డర్ల నిండా ఉన్నది ఈ చుక్కల గళ్లే. అలా చూడగానే ఏ పేరు ఏ దారిలో పాడైందో పట్టుకోవచ్చు. హిందీ అయితే రెండో బైటు ఏ4 లేదా ఏ5. మా హిందీ అనువాదాల ఫోల్డర్‌లో జపాన్ యెన్ గుర్తులు వరసగా కనిపించింది అందుకే.

చుక్కల గళ్ల సంగతి తేలికగా తేలింది. అవన్నీ జిప్ ఫైళ్ల నుంచి వచ్చినవి. జిప్ పద్ధతిలో పేర్లకు మొదటినుంచీ ఉన్న పట్టిక సీపీ437. "ఈ పేరు యూటీఎఫ్-8లో ఉంది" అని చెప్పే గుర్తు, అంటే 11వ బిట్టు, 2006లో గానీ ఆ ప్రమాణంలోకి రాలేదు. కొన్ని ప్రోగ్రాములు పేరును యూటీఎఫ్-8లోనే రాసి ఆ బిట్టు మాత్రం పెట్టవు. విప్పేవాడు పాత పట్టికతో చదివి, వచ్చిన గళ్లను మళ్లీ యూటీఎఫ్-8లో డిస్కు మీద రాసేస్తాడు. దీంట్లో ఒక అదృష్టం ఉంది: సీపీ437లో 256 బైట్లకూ ఏదో ఒక బొమ్మ ఉంది, కాబట్టి ఏదీ పోదు. తిరగేస్తే మొత్తం వెనక్కి వస్తుంది.

తిరగేయడానికి కన్వ్‌ఎమ్‌వీ అనే, ఫైల్ పేర్లను ఒక పట్టిక నుంచి ఇంకోదాంట్లోకి మార్చే ప్రోగ్రామ్ వాడాను. పేరు చెబితే కమాండ్ రాయడం పెద్ద పని కాదు: ఇటు యూటీఎఫ్8, అటు సీపీ437, వెంట ఫిక్స్‌డబుల్ అన్న ఆప్షన్. రెండుసార్లు మార్పిడి జరిగిన పేర్ల కోసమే ఆ ఆప్షన్ ఉంది. మార్చాక కూడా సరైన యూటీఎఫ్-8గా నిలబడే పేర్లనే అది ముట్టుకుంటుంది, బాగున్న తెలుగు పేర్ల జోలికి పోదు. ఇంకో మంచి గుణం, దానంతటదిగా ఏదీ మార్చదు. ఏ పేరు ఏమవుతుందో చూపిస్తుంది, అంతే. నోటెస్ట్ అని మనం విడిగా రాస్తేనే నిజంగా మారుస్తుంది. ఆ లిస్టును నేను ఫైల్‌లోకి పంపి డీటీపీ అన్నకు ఇచ్చాను. చదువుతూ చదువుతూ "ఇదిగో, ఈ పంచాంగం కవర్ కోసమే కదా పోయినేడు మళ్లీ కొత్తగా గీయించాం!" అని తల పట్టుకున్నాడు.

అసలు జిప్ ఇంకా దగ్గరుంటే ఈ తంతు కూడా అక్కర్లేదు. ఉనార్ అనే ప్రోగ్రామ్ పేర్ల పట్టికను తనే ఊహించి విప్పుతుంది. రెండు మూడు ఫోల్డర్లకు అలాగే చేశాను.

ఎడిటర్ గారి ఫ్రెంచి మాత్రం చుక్కలు చూపించింది. బయటూళ్ల నుంచి రచయితలు, ప్రూఫ్ రీడర్లు ఎఫ్‌టీపీ ద్వారా పాత పెట్టెలోకి పంపిన ఫైళ్లవి. అక్కడ ఎఫ్‌టీపీ సెట్టింగ్ విండోస్-1252 మీద ఉంది. ఈ పట్టికలో అయిదు గళ్లు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. ఇంగ్లీషు వాళ్లకు ఈ ఖాళీలతో ఏ నష్టమూ లేదు. మనకు మాత్రం 81 అంటే కొమ్ము, అదే "గు"లో ఉకారం. 8డీ అంటే పొల్లు. యూనికోడ్‌లో ఒత్తులన్నీ ఆ పొల్లు మీదే ఆధారపడతాయి. 8ఎఫ్ "ఏ", 90 "ఐ", 9డీ "ఝ". ఈ చివరి మూడూ ఎప్పుడో గానీ రావు. కానీ కొమ్మూ పొల్లూ లేని తెలుగు పేరు ఎక్కడుంది? "పుస్తకం"లో రెండూ ఉన్నాయి. "గురువు"లో మూడు కొమ్ములు.

ఆ ఖాళీ బైట్లను కొన్ని ప్రోగ్రాములు కంటికి కనిపించని కంట్రోల్ గుర్తులుగా అలాగే ఉంచేస్తాయి. అలాంటి పేర్లు తిరగేస్తే వచ్చేస్తాయి, ఆ అయిదు బైట్లకూ పట్టికలో మనమే చోటు కల్పించాలి, అంతే. కానీ మావాళ్లు వాడిన అప్‌లోడ్ ప్రోగ్రాముల్లో ఒకటి అర్థం కాని ప్రతిదాన్నీ అండర్‌స్కోర్ చేసేసింది. అక్కడ సమాచారం నిజంగానే పోయింది. ఏ కన్వర్టర్ వల్లా కాదు.

అయినా పూర్తిగా పోలేదని పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాస్తుండగా తట్టింది. ఖాళీకి ముందు బైటు బీ1 అయితే పోయింది కొమ్మో పొల్లో, రెండిట్లో ఒకటే. ముందు బైటు బీ0 అయితే ఏ, ఐ, ఝ, అరసున్న, ఈ నాలుగిట్లో ఒకటి. ఇక తెలుగు తెలిసినవాడికి ఎంత పని? "ఉత్తరాంధ్ర"లో రెండు ఖాళీలు ఉంటే నాలుగు రకాలుగా పూరించొచ్చు: ఉత్తరాంధ్ర, ఉతుతరాంధ్ర, ఉత్తరాంధుర, ఉతుతరాంధుర. ఏది సరైందో చిన్నపిల్లవాడైనా చెబుతాడు, కంప్యూటరే చెప్పలేదు. దానికీ కాస్త తెలుగు నేర్పడానికి, డ్రైవ్‌లో పాడవని పేర్లలోని మాటలన్నీ ఏరి ఒక పట్టిక చేశాను. స్క్రిప్టు అన్ని రకాలుగా పూరించి చూసి, ఆ పట్టికలో ఉన్న మాటనే ఎంచుకుంటుంది. పట్టికలో దొరకనివి, రెండు రకాలుగా కుదిరేవి ఒక షీట్‌లో రాసి పెడుతుంది. షీట్ ఎడిటర్ గారి ముందు పెట్టాను.

రెండు రకాలుగా కుదిరేవే మజాగా ఉన్నాయి. "రాము" కావొచ్చు, "రామ్" కావొచ్చు. "పాలు" కావొచ్చు, "పాల్" కావొచ్చు. ఎడిటర్ గారు ఫైల్ తెరవకుండానే "ఈయన రామ్, చివర కొమ్ము పెడితే ఊరుకోడు" అని టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఆయనకూ అనుమానం వచ్చినవి మాత్రం తెరిచి మొదటి పేజీ చూశాం.

ఇదే పట్టికలో ఇంకో రెండు తిరకాసులున్నాయి. "ఠ" మూడో బైటు ఏ0, అంటే ఈ పట్టికలో ఖాళీ స్థలం. "భ" మూడో బైటు ఏడీ, అంటే పైకి కనిపించని హైఫన్. అందుకని "పాఠాలు" మధ్యలో తెగిపోయి రెండు మాటల్లా కనిపిస్తుంది, "భారతం"లో మొదటి అక్షరం సగం మాయమైనట్టుంటుంది. ఇవి తేలికే: ° గుర్తు వెంటనే ఖాళీ ఉంటే అది "ఠ" తప్ప మరొకటి కాదు.

కొన్ని పొడవాటి పేర్లు చివర తెగిపోయి కూడా ఉన్నాయి. లినక్స్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లకు మించకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు చొప్పున లెక్కేస్తే 85 గుర్తులు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ"లోనే ఆరు గుర్తులున్నాయి, 18 బైట్లు. "స్వాతంత్ర్యోద్యమం" 51 బైట్లు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లెక్క వేరు, అక్కడ 255 గుర్తుల వరకు పోవచ్చు. పైగా పేరు ఒకసారి ఇలా పాడైందంటే బైట్లు రెట్టింపు దాటతాయి. అలా హద్దు దాటిన పేర్లను ఆ దారిలో ఎవరో కత్తిరించేశారు. వీటికి మందు లేదు. ఫైల్ తెరిచి, పుస్తకం పేరు చూసి, చేత్తో పెట్టుకోవడమే.

మేడమ్ గారి వంకర గీతలకు కారణం మా డిజైనర్ మ్యాక్. మ్యాక్‌లో ఫోల్డర్ పేరులో 31/03 అని గీత పెట్టి తేదీ రాయొచ్చు. కమాండ్ లైన్ ప్రోగ్రాములకు మాత్రం ఆ గీత కోలన్‌గా (:) కనిపిస్తుంది. మ్యాక్ డిస్కు నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో తెచ్చినప్పుడు ఆ కోలన్ అలాగే లినక్స్‌లోకి వచ్చింది. లినక్స్‌కు అభ్యంతరం లేదు గానీ విండోస్ కోలన్‌ను ఒప్పుకోదు. అందుకని సాంబా విండోస్‌కు అసలు పేరు దాచి, ~ గుర్తుతో ఎనిమిది అక్షరాల మారుపేరు ఒకటి తయారుచేసి ఇస్తుంది. పేరు చివర చుక్క ఉన్నా, ఖాళీ ఉన్నా ఇదే కథ. మనవాళ్లకు "లి.", "గ్రా." అని చుక్కతో ముగించే అలవాటు ఎక్కువ. కేటియా అనే మాడ్యూల్ పెట్టి ఈ గుర్తులను వేరే గుర్తులుగా చూపించే పద్ధతి సాంబాలో ఉంది. నాకు అది నచ్చలేదు. రేపు ఈ సర్వర్ కూడా మారుతుంది, అప్పుడు మళ్లీ మొదటికి వస్తుంది. సర్వర్ మీదే కోలన్లు తీసి మామూలు అడ్డగీత పెట్టాను, చివరి చుక్కలు కత్తిరించాను.

ఆ మ్యాక్ డిస్కు నుంచే ఇంకో వింత వచ్చింది. "హైదరాబాద్" అని రెండు ఫోల్డర్లు, ఒకే చోట, ఒకదాని కింద ఒకటి. అక్షరం తేడా లేదు. ఎవరో చివర ఖాళీ పెట్టి ఉంటారని చూస్తే అదీ లేదు. బైట్లు చూస్తే తేడా "హై"లో ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గీత అని రెండుగా విడగొట్టి రాయొచ్చు. విండోస్ మొదటి పద్ధతి, పాత మ్యాక్ డిస్కులు రెండో పద్ధతి. తెలుగు మొత్తంలో ఇలా విడిపోయేది ఈ ఒక్క గుర్తే, మరి మన పేర్లలో హైదరాబాద్, వైద్యం, చైత్రం, సైన్స్ లేనిదెప్పుడు? కన్వ్‌ఎమ్‌వీలో ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్ వీటిని కలిపేస్తుంది. కానీ కలిపిన పేరుతో అప్పటికే ఫోల్డర్ ఉంటే ఆగిపోతుంది. ఆగడమే మంచిది. ఆ జంటలను పక్కపక్కన పెట్టి, లోపలి ఫైళ్లు సరిచూసి చేత్తో కలిపాను.

కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు కూడా ఇలాగే సతాయిస్తుంది. "ఆఫీస్‌లో" అని రాసేటప్పుడు "స్" కింద "లో" ఒత్తుగా మారకుండా ఆపేది అదే, మధ్యలో ఉంటే దానికి పనుంది. పేరు చివర మాత్రం దండగ. కొన్ని టైపింగ్ టూల్స్ "డిసెంబర్" అని రాసినా వెనకాల ఒకటి తగిలించి వదిలేస్తాయి. వెతికితే పేరు దొరకదు. చివర ఉన్నవి మాత్రమే తీసేశాను, మధ్యలోవి ముట్టుకోలేదు.

అసలు మార్చే పని ఆఫీసు మూసేశాక, క్లయింట్ మెషీన్ నుంచి కాకుండా నేరుగా సర్వర్ మీద చేశాను. ముందు స్నాప్‌షాట్, అంటే తేడా వస్తే వెనక్కి పోవడానికి డిస్కు అప్పటి స్థితి. తర్వాత ఎస్‌ఎమ్‌బీస్టేటస్ కొట్టి ఎవరి ఫైలూ తెరిచి లేదని చూసుకున్నాను. ఫైళ్ల మొత్తం సంఖ్య, ఒక్కోదాని చెక్‌సమ్ (లోపలి బైట్ల నుంచి లెక్కగట్టే సంఖ్య) ముందే రాసుకుని, మార్చాక మళ్లీ సరిచూశాను. పేరు మారాలి గానీ లోపలి బైటు ఒక్కటీ మారకూడదు కదా. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఉండే సీఎస్‌వీ ఒకటి డ్రైవ్ మొదట్లోనే పెట్టాను. మరుసటి ఉదయమే దానితో పనిపడింది: డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు, ఎక్సెల్‌లో ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కు ఉన్న లింకులు పాత పేర్లనే వెతుక్కుంటాయి. మేడమ్ ఆ సీఎస్‌వీ ముందు పెట్టుకుని రాయల్టీ షీట్ల లింకులన్నీ తనే సరిచేసుకున్నారు. బ్యాకప్ కూడా ఆ రాత్రి, పేరు మారిన ప్రతి ఫైలూ కొత్తదే అనుకుని మొత్తం మళ్లీ ఎత్తుకుంది. డిస్కులో చోటు ముందే చూసుకోవాలి.

ఒక్క బాపతు మాత్రం అలాగే మిగిలింది. యూనికోడ్ అలవాటు కాని రోజుల్లో అను ఫాంట్ల కీబోర్డు ఆన్‌లో ఉండగానే కొందరు ఫైల్ పేర్లు కొట్టేశారు. అను ఫాంటులో చూస్తే తెలుగు, ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే ఇంగ్లీషు అక్షరాల ముద్ద. ఇక్కడ బైట్లేమీ తప్పు కాదు, కన్వ్‌ఎమ్‌వీకి చేయగలిగింది లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరిచి ఆ ముద్దను అందులో అతికించి అను ఫాంటు పెడితే డీటీపీ అన్న గడగడా చదివేస్తాడు. తీరిక దొరికినప్పుడల్లా కొన్ని చదివి షీట్‌లో తెలుగు పేరు రాస్తున్నాడు, నేను అవి మారుస్తున్నాను. ఎఫ్‌టీపీ తీసేశాం, బయటివాళ్లు ఇప్పుడు బ్రౌజర్ నుంచే అప్‌లోడ్ చేస్తున్నారు. డిజైనర్‌కు తేదీల్లో గీత బదులు అడ్డగీత పెట్టమని చెప్పాను. "సరే బాబాయ్" అన్నాడు. ఆ వారమే 15/08 అని ఇంకో ఫోల్డర్ వచ్చింది. అందుకని రాత్రిపూట అలాంటి పేర్లు వెతికి నాకు మెయిల్ పంపే స్క్రిప్టు ఒకటి పెట్టుకున్నాను.